చెక్కుచెదరని ఆటల రికార్డులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో, దేవరకొండలోనో తెల్లవారుజామున గ్రౌండ్‌కి వెళ్తే పోలీసు ఈవెంట్స్ కోసం పరుగులు తీసే పిల్లలు కనిపిస్తారు. పరుగు అయ్యాక చెమట ఆరేదాకా కూర్చుని వాళ్లు మాట్లాడుకునేవి ఎక్కువగా రికార్డుల ముచ్చట్లే. బోల్ట్ టైమింగ్ ఎవరైనా కొడతారా? సచిన్ వంద సెంచరీలు కోహ్లికి దొరుకుతాయా? వ్యాయామ ఉపాధ్యాయుణ్ని కాబట్టి ఈ ప్రశ్నలన్నీ చివరికి నా దగ్గరికే వస్తాయి. పదే పదే వచ్చేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఏదైనా రికార్డు ఏళ్ల తరబడి నిలబడితే "ఆయన మామూలు మనిషి కాదు" అనేసి ఊరుకుంటాం. అది సగం నిజం. మిగతా సగం ఆట నిబంధనల్లో, ఆ కాలంలో, వాడిన పరికరంలో, అప్పటి డోపింగ్ పరీక్షల్లో ఉంటుంది. అవి చూడకుండా ఏ రికార్డు ఎంత గట్టిదో తేల్చలేం.

"ఇక ఎప్పటికీ బద్దలవదు" అని ఏ రికార్డు గురించైనా ఖాయంగా చెప్పొచ్చా?

చెప్పొచ్చు. నిబంధన మారిపోయి దారే మూసుకుపోయిన రికార్డులు కొన్ని ఉన్నాయి.

టెన్నిస్‌లో 2010 వింబుల్డన్ తొలి రౌండ్‌లో జాన్ ఇస్నర్, నికొలా మహు ఆడిన మ్యాచ్ చూడండి. మూడు రోజుల మీద 11 గంటల 5 నిమిషాలు సాగింది. చివరి సెట్ 70-68. ఆ ఒక్క సెట్‌లోనే 138 గేములు, మ్యాచ్ మొత్తంలో 183. అప్పట్లో అయిదో సెట్‌లో టైబ్రేక్ లేదు, రెండు గేముల తేడా వచ్చేదాకా ఆడాల్సిందే. 2022 నుంచి నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలోనూ చివరి సెట్ 6-6 కాగానే టైబ్రేక్ పెడుతున్నారు. అంటే అయిదు సెట్లూ 7-6తో ముగిసినా మొత్తం 65 గేములే. ఇప్పటి నిబంధనల ప్రకారం 183ని దాటడం లెక్కలోనే కుదరదు.

క్రికెట్‌లో 1939లో డర్బన్‌లో దక్షిణాఫ్రికా, ఇంగ్లండ్ ఆడిన టెస్టు కూడా అలాంటిదే. రోజుల లెక్క లేదు, ఫలితం వచ్చేదాకా ఆడాలని ముందే అనుకున్నారు. మార్చి 3న మొదలై 14 దాకా సాగింది. 696 పరుగుల లక్ష్యం ముందుంటే ఇంగ్లండ్ 5 వికెట్లకు 654 దాకా వచ్చింది. ఇంకో 42 కొడితే గెలుపే. అప్పుడు వాన పడింది, ఇంటికి వెళ్లే ఓడ టైము దగ్గర పడింది. డ్రా అని వదిలేసి రైలెక్కారు. ఇప్పుడు టెస్టు అంటే అయిదు రోజులే కాబట్టి అంత పొడుగు మ్యాచ్ మళ్ళీ రాదు.

జావెలిన్‌లో 100 మీటర్లు దాటినవాళ్లు ఉన్నారా? మరి నీరజ్ చోప్రా 90 దాటితేనే అంత సంబరమెందుకు?

ఉన్నాడు, ఒకే ఒక్కడు. తూర్పు జర్మనీకి చెందిన ఉవే హోన్ 1984 జులైలో బెర్లిన్‌లో 104.80 మీటర్లు విసిరాడు. ఈటె స్టేడియం అవతలి కొస దాకా పోతుంటే మిగతా ఆటగాళ్లకు, జనానికి ప్రమాదం. పైగా పాత ఈటె చాలాసార్లు మొన ముందు దిగకుండా అడ్డంగా పడేది, అది సరైన త్రోనా కాదా అని ప్రతిసారీ గొడవ. అందుకే 1986లో పురుషుల ఈటె డిజైన్ మార్చారు. బరువు కేంద్రాన్ని 4 సెంటీమీటర్లు ముందుకు జరిపారు. దాంతో మొన తొందరగా కిందికి వాలుతుంది, దూరం తగ్గుతుంది. రికార్డుల పుస్తకం కూడా కొత్తగా మొదలైంది.

కొత్త ఈటెతో ప్రపంచ రికార్డు యాన్ జెలెజ్నీది. 1996లో 98.48 మీటర్లు. నీరజ్ 2025 మేలో దోహాలో విసిరింది 90.23. ఇందులో మనకు నచ్చే సంగతి ఏంటంటే, హోన్ కొంతకాలం నీరజ్‌కి కోచ్‌గా చేశాడు. దోహాలో 90 దాటేనాటికి కోచ్‌గా ఉన్నది జెలెజ్నీ. పాత ఈటె రారాజు, కొత్త ఈటె రారాజు ఇద్దరూ మన కుర్రాడికే పాఠం చెప్పారు.

ఆస్ట్రేలియా బ్యాటర్ బ్రాడ్‌మన్ టెస్టు సగటు 99.94 గురించి ఇంత చెప్పుకుంటారు. అప్పటి బౌలింగ్ బలహీనం కాబట్టే కదా?

ఈ మాట చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. బౌలింగ్ అంత బలహీనమైతే ఆ కాలంలో మిగతావాళ్లూ 80, 90 సగటు తెచ్చుకోవాలి. అప్పటి మహామహులు జార్జ్ హెడ్లీ, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ సగటు 60 చిల్లర. తర్వాత తొంభై ఏళ్లలో పిచ్‌లు మారాయి, హెల్మెట్లు వచ్చాయి, బ్యాట్లు లావయ్యాయి. అయినా కనీసం 20 టెస్టులు ఆడిన రెండో మనిషి ఎవరూ 62 దాటి కెరీర్ ముగించలేదు. మొదటివాడికీ రెండోవాడికీ మధ్య 38 పరుగులకు పైగా ఎడం. ఏ ఆటలోనూ ఇలాంటి తేడా నాకు కనిపించలేదు.

52 టెస్టులు, 80 ఇన్నింగ్స్, 6,996 పరుగులు, 29 సెంచరీలు. పది సార్లు నాటౌట్ కాబట్టి 6,996ని 70తో భాగించాలి. 1948 ఆగస్టులో ఓవల్‌లో చివరి టెస్టుకి దిగినప్పుడు ఇంకో 4 పరుగులు చేస్తే సగటు సరిగ్గా 100. ఎరిక్ హోలీస్ వేసిన రెండో బంతికే బౌల్డయ్యాడు. రెండో ఇన్నింగ్స్‌లో చేసుకోవచ్చుగా అని పిల్లలు అడుగుతారు. ఇంగ్లండ్ ఆ మ్యాచ్‌లో మొదట 52కే ఆలౌటైంది. ఆస్ట్రేలియా ఇన్నింగ్స్ తేడాతో గెలిచింది, రెండోసారి బ్యాటింగే రాలేదు. ఆస్ట్రేలియా ప్రభుత్వ ప్రసార సంస్థ తన పోస్ట్ బాక్స్ నంబరుగా 9994 పెట్టుకుందంటే అక్కడ ఆ అంకెకు ఎంత విలువో అర్థమవుతుంది.

ఇది విరుగుతుందా అంటే, విరగదనే అంటాను. నిబంధన అడ్డు లేదు, దారి తెరిచే ఉంది. అయినా ఎవరూ దరిదాపులకు రాలేదు. అందుకే నా దృష్టిలో అన్ని రికార్డుల్లోకీ ఇది పెద్దది.

శ్రీలంక స్పిన్నర్ మురళీధరన్ 800 టెస్టు వికెట్లు?

ఇది విరగకపోవడానికి కారణం క్యాలెండర్. 133 టెస్టుల్లో 800 అంటే టెస్టుకి ఆరు. టెస్టుకి అయిదు చొప్పున తీసే గొప్ప బౌలర్ దొరికినా 160 టెస్టులు ఆడాలి. ఏడాదికి పది టెస్టులనుకున్నా 16 ఏళ్లు. అంతకాలం భుజం, మోకాలు నిలబడాలి, టీ20 లీగ్‌ల డబ్బు కాదని టెస్టులే ఆడాలి. షేన్ వార్న్ 708 దగ్గర, ఆండర్సన్ 704 దగ్గర, మన కుంబ్లే 619 దగ్గర ఆగారు. అశ్విన్ 537తో 2024 డిసెంబరులో ఆపేశాడు.

ఆ 800వ వికెట్ కథలో మన హైదరాబాద్ కుర్రాడు ఉన్నాడు. 2010 జులై, శ్రీలంకలోని గాలె ఊరు. ఇదే నా చివరి టెస్టు అని మురళి ముందే ప్రకటించేశాడు. అప్పటికి 792. ఎనిమిది కావాలి. భారత్ రెండో ఇన్నింగ్స్‌లో ఆఖరి వికెట్ మిగిలేసరికి 799. ఆ వికెట్ వేరే బౌలర్‌కి పడితే కథ అక్కడితో ఆఖరు. చివరికి రంజీల్లో హైదరాబాద్‌కు ఆడే ప్రజ్ఞాన్ ఓఝా బ్యాట్ అంచుకు తగిలి బంతి స్లిప్‌లో మహేల జయవర్ధనే చేతిలో పడింది. అదే ఓఝా మూడేళ్ల తర్వాత వాంఖడేలో సచిన్ 200వ టెస్టులో పది వికెట్లు తీసి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు. మళ్ళీ టెస్టు ఆడే అవకాశం అతనికి రాలేదు. ఈ రెండు పెద్ద అంకెల దగ్గరా ఉన్న మనిషిని మనవాళ్లు తొందరగా మర్చిపోయారని నాకు బాధ.

సచిన్ రికార్డుల్లో ఏవి నిలుస్తాయి, ఏవి పోతాయి?

వన్డే సెంచరీలు 49 ఎప్పుడో పోయాయి. 2023 నవంబరు 15న వాంఖడేలో, సచిన్ కళ్ల ముందే కోహ్లి 50వది కొట్టాడు. టెస్టు పరుగులు 15,921కి ముప్పు ఉంది. జో రూట్ 2025లో రెండో స్థానానికి వచ్చేశాడు.

వంద అంతర్జాతీయ సెంచరీలు మాత్రం ఈ తరంలో పోవని నా నమ్మకం. 80 దాటిన కోహ్లి 2024లో టీ20లు, 2025 మేలో టెస్టులు వదిలేశాడు. ఏడాదికి దొరికే కాసిని వన్డేలతో వందకు చేరడం కష్టం. కొత్త కుర్రాళ్లకి ఇంకా కష్టం, మూడు ఫార్మాట్లూ ఇరవై ఏళ్లు ఆడే కాలం పోయింది. 200 టెస్టుల లెక్కకూ ఇదే కారణం.

ఒకే టెస్టులో 19 వికెట్లు నిజమేనా?

నిజమే. 1956లో మాంచెస్టర్‌లో ఆస్ట్రేలియా మీద జిమ్ లేకర్ తీశాడు. ఒక ఇన్నింగ్స్‌లో 37 పరుగులకు 9, ఇంకోదాంట్లో 53కి 10. దీన్ని బద్దలు కొట్టాలంటే ఇరవైకి ఇరవై తీయాలి. అప్పట్లో పిచ్‌ను వానకు కప్పేవాళ్లు కాదు, తడిసి ఆరే పిచ్ మీద స్పిన్ బాగా తిరిగేది. అయితే అదే పిచ్ మీద అవతలి ఎండ్ నుంచి టోనీ లాక్ అనే మంచి స్పిన్నరే 69 ఓవర్లు వేసి ఒక్క వికెట్ తీశాడు. కాబట్టి అంతా పిచ్ పుణ్యమే అనడం లేకర్‌కి అన్యాయం.

మన హైదరాబాద్, తెలంగాణ వాళ్ల పేరు మీద ఇలాంటివి ఉన్నాయా?

ఉన్నాయి, మన పిల్లలకే తెలియదు.

అజహరుద్దీన్ ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టాడు. 1984-85లో ఇంగ్లండ్ మీద కలకత్తాలో 110, మద్రాసులో 105, కాన్పూర్‌లో 122. నలభై ఏళ్లయింది, ఇంకెవరూ ఆ పని చేయలేదు. దీన్ని అందుకోవడానికి ఒక్కో మనిషికి జీవితంలో ఒకే అవకాశం ఉంటుంది. మొదటి టెస్టులో 99కి ఔటైనా అక్కడితో సరి.

ఫుట్‌బాల్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. కోచ్ ఎస్.ఎ. రహీం. తర్వాత భారత జట్టుకు 1962 ఆసియా క్రీడల బంగారం తెచ్చిపెట్టింది ఆయనే. రోవర్స్ కప్ 2000-01 తర్వాత జరగడమే లేదు. కాబట్టి ఆ అయిదు ఇక ఎవరికీ అందవు. ఈ రికార్డు గురించి చెప్పినప్పుడల్లా గర్వంతో పాటు కొంచెం వెలితిగా కూడా ఉంటుంది. పోటీయే లేకుండా పోవడం ఏ రికార్డుకీ మంచి రక్షణ కాదు.

హైదరాబాద్‌లో పెరిగిన మిథాలి రాజ్ 1999లో పదహారేళ్ల వయసులో ఐర్లాండ్ మీద 114 నాటౌట్‌తో వన్డేల్లోకి వచ్చింది. 2022లో రిటైరయ్యేనాటికి 7,805 పరుగులు. పరుగుల సంఖ్య దాటేవాళ్లు వస్తారు, ఇప్పుడు మహిళల మ్యాచ్‌లు పెరిగాయి, ఆ దారి వేసినవాళ్లలో మిథాలి ఒకరు. ఇరవై రెండేళ్లకు పైగా సాగిన ఆ కెరీర్ మాత్రం మళ్ళీ చూడటం అరుదు.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 మేలో జపాన్‌లోని కోబెలో మేధో వైకల్యం ఉన్నవాళ్ల విభాగంలో పారా 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది. నాలుగు నెలలు తిరక్కుండానే పారిస్ పారాలింపిక్స్‌లో తుర్కియే అమ్మాయి 54.96తో దాన్ని దాటేసింది. అదే పోటీలో దీప్తికి కాంస్యం వచ్చింది. ఆ రికార్డు కొన్నాళ్లే ఉన్నా, కూలి చేసుకునే ఇంటి నుంచి వెళ్లి తన విభాగంలో అప్పటిదాకా ప్రపంచంలో ఎవరూ పరిగెత్తనంత వేగంగా పరిగెత్తిందన్న మాట ఎవరూ చెరపలేరు.

టీ20 రికార్డులు ఎందుకు నిలవవు?

ఆట ఇంకా మారుతూనే ఉంది కాబట్టి. ఐపీఎల్‌లో బెంగళూరు 2013లో చేసిన 263 జట్టు స్కోరు పదకొండేళ్లు నిలిచింది. 2024 మార్చి 27న ఉప్పల్‌లో మన సన్‌రైజర్స్ 277 చేసింది. అది 19 రోజులే నిలిచింది, ఏప్రిల్ 15న మళ్ళీ సన్‌రైజర్సే 287 కొట్టింది. ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధనతో ఒక బ్యాటర్ అదనంగా దొరికాడు, వికెట్ పోతుందన్న టెన్షన్ తగ్గింది.

ఇంకో కారణం, ఎవరెవరితో ఆడుతున్నారన్నది. యువరాజ్ 2007లో 12 బంతుల్లో కొట్టిన ఫిఫ్టీ ఇక ఎవరికీ అందదనుకున్నాం. 2023 ఆసియా క్రీడల్లో నేపాల్ ఆటగాడు దీపేంద్ర సింగ్ ఐరీ మంగోలియా మీద 9 బంతుల్లో కొట్టేశాడు. రికార్డు రికార్డే, అతని కొట్టుడూ కొట్టుడే. కానీ స్టువర్ట్ బ్రాడ్ బౌలింగ్‌లో ప్రపంచకప్ మ్యాచ్‌లో కొట్టినదానికీ దీనికీ తేడా ఉందని చెప్పడంలో తప్పులేదు.

అసలు టీ20ల దెబ్బకు ఎవరూ ముట్టుకోలేని రికార్డు ఇంకొకటి ఉంది. 1964లో మద్రాసులో ఇంగ్లండ్ మీద బాపూ నాడ్కర్ణి వరసగా 21 మెయిడెన్ ఓవర్లు వేశాడు. మొత్తం లెక్క 32 ఓవర్లు, 27 మెయిడెన్లు, 5 పరుగులు. ఇప్పుడు 131 బంతులు పరుగు తీయకుండా ఊరుకునే బ్యాటర్లు ఎక్కడున్నారు?

బోల్ట్ 9.58 కొట్టేవాళ్లు వస్తారా?

వస్తారు, కానీ తొందరేం లేదు. ఉసేన్ బోల్ట్ వంద మీటర్లను 9.58 సెకన్లలో దాటిన ఈ రికార్డు 2009 ఆగస్టు 16న బెర్లిన్‌లో పెట్టింది. రెండో స్థానంలో ఉన్న టైసన్ గే, యోహాన్ బ్లేక్‌ల సమయం 9.69. మధ్యలో 0.11 సెకను. వినడానికి చిన్నదే కానీ గీత దగ్గర అది మీటరుకు పైనే ఎడం. బోల్ట్ ఎత్తు 1.95 మీటర్లు. అంత పొడుగు మనిషి మొదట్లో లేచి వేగం అందుకోవడానికి ఆలస్యమవుతుందని కోచ్‌లు అనుకునేవాళ్లు. అతను వంద మీటర్లను దాదాపు 41 అంగల్లో దాటేశాడు. మిగతావాళ్లకు ఇంకో మూడు నాలుగు అంగలు ఎక్కువే పడతాయి.

కర్ణాటకలో కంబళ పోటీలో ఒకాయన బోల్ట్ కంటే వేగంగా పరిగెత్తాడని వాట్సాప్‌లో వచ్చింది కదా?

నారాయణపేట వైపు పిల్లలు ఇది ఎక్కువగా అడుగుతారు. 2020లో శ్రీనివాస గౌడ కంబళలో 142.5 మీటర్లు 13.62 సెకన్లలో దాటాడు. దాన్ని వంద మీటర్లకు లెక్కగట్టి 9.55 అన్నారు. ఆయన నిజంగా గట్టి మనిషి, బురదలో కాళ్లు తీసి వేయడమే కష్టం. కానీ ముందు దున్నపోతుల జత లాగుతుంటే వెనక పరిగెత్తడం వేరు, ఒంటరిగా పరిగెత్తడం వేరు. ట్రయల్స్‌కి పిలిస్తే తన పరుగు వేరని ఆయనే వద్దన్నాడు. ఆ నిజాయతీ నాకు నచ్చింది.

ప్రపంచ రికార్డు అనాలంటే ఎలక్ట్రానిక్ టైమింగ్ ఉండాలి, వెనక గాలి సెకనుకు 2 మీటర్లు దాటకూడదు, ట్రాక్ కొలిచి ఉండాలి, డోప్ పరీక్ష చేయాలి. స్టాప్‌వాచ్ నొక్కే చెయ్యి తుపాకీ మోతకు కొంచెం ఆలస్యంగా స్పందిస్తుంది. అందుకే 100, 200 మీటర్లలో చేతి టైమింగ్‌కి 0.24 సెకను కలిపి చూస్తారు. మీ గ్రౌండ్‌లో ఎవరైనా 11.0 అని చెబితే అది 11.24 అనుకోండి.

హైజంప్, లాంగ్‌జంప్ రికార్డులు అంత పాతవి ఎందుకు?

ముందు అవి ఎంతో కళ్లతో చూడాలి. మీ ఊళ్లో వాలీబాల్ కోర్టుకి వెళ్లి నెట్ కింద నిలబడండి. మగవాళ్ల నెట్ ఎత్తు 2.43 మీటర్లు. మామూలు ఎత్తున్నవాళ్లు చెయ్యెత్తినా వేళ్లు పైఅంచు దాకా అందవు. క్యూబాకు చెందిన హవియర్ సొటొమేయర్ 1993లో 2.45 మీటర్లు దూకాడు. అంటే ఆ నెట్ మీది నుంచి, దాన్ని తాకకుండా, ఒంటికాలి మీద లేచి. తర్వాత అందరికంటే దగ్గరికొచ్చిన ఖతార్ ఆటగాడు బర్షిమ్ అత్యుత్తమం సరిగ్గా నెట్ అంత, 2.43.

లాంగ్‌జంప్‌కి టేపు పట్టండి. పోలీసు ఈవెంట్స్‌లో మగవాళ్లు దూకాల్సింది 4 మీటర్లు. పిట్‌లో అక్కడ ముగ్గుతో ఒక గీత గీసి, టేపును 8.95 దాకా లాగి ఇంకో గీత గీయండి. చాలా గ్రౌండ్లలో పిట్ దాటి బయటికి పోతుంది. 1991లో టోక్యోలో మైక్ పావెల్ అంత దూరం దూకాడు. అంతకుముందు రికార్డు బాబ్ బీమన్ 1968లో మెక్సికో సిటీలో పెట్టిన 8.90. అది సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున్న ఊరు, గాలి పలచన, వెనక గాలి సరిగ్గా అనుమతించినంత. పాత రికార్డును ఏకంగా 55 సెంటీమీటర్లు దాటేశాడు. అదే శాశ్వతం అనుకున్నారు, 23 ఏళ్లకు పోయింది. పావెల్‌ది ఇప్పటికే అంతకంటే ఎక్కువ కాలం నిలిచింది.

పాతబడినంత మాత్రాన శాశ్వతం కాదు. మహిళల హైజంప్‌లో కొస్తాదినొవా 2.09 మీటర్లు 37 ఏళ్లు నిలిచి 2024 జులైలో ఉక్రెయిన్ అమ్మాయి మహుచిక్ 2.10తో పోయింది. అదే ఏడాది 38 ఏళ్ల డిస్కస్ రికార్డును లిథువేనియా కుర్రాడు అలెక్నా తిరగరాశాడు.

మహిళల పరుగుల్లో 1980ల రికార్డులు ఇంకా ఎందుకు ఉన్నాయి? అవి నమ్మొచ్చా?

కష్టమైన ప్రశ్న, ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చే ప్రతివాళ్లూ జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

800 మీటర్లు తీసుకోండి. చెకొస్లొవేకియాకు చెందిన యార్మిలా క్రతొఖ్విలొవా 1983లో 1 నిమిషం 53.28 సెకన్లు. పోలీసు ఈవెంట్స్‌లో అమ్మాయిలకు ఇదే దూరానికి 5 నిమిషాల 20 సెకన్లు ఇస్తారు. ఇప్పటి శిక్షణ, ఇప్పటి బూట్లు, ఇప్పటి ట్రాకులతో ఒలింపిక్ విజేత కీలీ హాడ్కిన్సన్ 2024లో పరిగెత్తింది 1:54.61. 400 మీటర్లలో తూర్పు జర్మనీ మరీటా కోఖ్ 1985లో 47.60. 100 మీటర్లలో ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ 1988లో 10.49.

ఈ ముగ్గురిలో ఎవరూ డోప్ పరీక్షలో దొరకలేదు. అది చెప్పి తీరాలి. తూర్పు జర్మనీలో ప్రభుత్వమే పథకం ప్రకారం క్రీడాకారులకు మందులు ఇచ్చిందని జర్మనీ ఒక్కటయ్యాక బయటపడిన కాగితాలు చూపించాయి. అదీ చెప్పాలి. ఇప్పటిలా పోటీలు లేని రోజుల్లో చెప్పకుండా ఇంటికొచ్చి పరీక్ష చేసే పద్ధతి అప్పుడు గట్టిగా లేదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వచ్చిందే 1999లో. గ్రిఫిత్ జాయ్‌నర్ 10.49 విషయంలో గాలి గురించి కూడా అనుమానం ఉంది. ఆ పరుగుకి గాలి సున్నా అని చూపించింది, అదే సమయంలో పక్కన ట్రిపుల్ జంప్ దగ్గర సెకనుకు 4.3 మీటర్లు చూపించింది. 2005కి ముందు రికార్డులన్నీ పక్కన పెడదామని 2017లో యూరప్ అథ్లెటిక్స్ సంఘం ప్రతిపాదించింది, అమలు కాలేదు.

నా అభిప్రాయం అడిగితే, రుజువు లేకుండా ఎవరి పేరూ కొట్టేయకూడదు. అలాగని ఆ అంకెలు చూపించి ఈనాటి అమ్మాయిలను "మీరింతే" అనకూడదు. మా ఆడపిల్లలకు నేను లక్ష్యంగా చెప్పేది ఇప్పటి పరుగుల రాణుల టైమింగులే.

మన దేశం రికార్డుల్లో ఎక్కువ కాలం నిలిచినవి?

మిల్ఖా సింగ్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 400 మీటర్లు 45.73. 38 ఏళ్ల తర్వాత 1998లో పరమ్‌జీత్ సింగ్ దాటాడు. శ్రీరామ్ సింగ్ 1976 మాంట్రియల్‌లో 800 మీటర్లు 1:45.77. దాన్ని జిన్సన్ జాన్సన్ దాటేసరికి 2018 వచ్చింది. 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాలకు మారథాన్ ముగించిన శివ్‌నాథ్ సింగ్‌ను నాలుగు దశాబ్దాలకు పైగా ఎవరూ తాకలేదు, ఆయన ఎక్కువగా ఉత్త కాళ్లతో పరిగెత్తినవాడు. పి.టి. ఉష 1984 ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో 55.42తో సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకుంది. 2023లో విత్యా రామ్‌రాజ్ సరిగ్గా అదే 55.42 పరిగెత్తింది.

ఇవి ఇంతకాలం నిలవడం వాళ్ల గొప్పతనం. అదే సమయంలో మనం ట్రాకులు, కోచ్‌లు ఇవ్వలేదన్న లెక్క కూడా. జిల్లాలో సింథటిక్ ట్రాక్ మీద ఎన్నడూ కాలు పెట్టకుండానే రాష్ట్ర స్థాయికి వెళ్లే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. స్పైక్స్‌తో మొదటిసారి ఆ ట్రాక్ మీద నిలబడితే సగం ధైర్యం అక్కడే పోతుంది.

బండలాగుడు పోటీలకు రికార్డులు ఉంటాయా?

మేళ్లచెరువు శివరాత్రి జాతర చూసొచ్చినవాళ్లు తప్పకుండా అడుగుతారు. అక్కడ ఒంగోలు గిత్తలను పళ్లను బట్టి విడదీస్తారు: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. ఇచ్చిన సమయంలో జత ఎంత దూరం లాగిందో అడుగులు, అంగుళాల్లో కొలుస్తారు. ఆ జాతరలో ఆ ఏటి గెలుపు పక్కా లెక్కే, అంగుళం దగ్గర కూడా గొడవ పడి కొలిపిస్తారు. కానీ ఒక ఊరి దూరాన్ని ఇంకో ఊరి దూరంతో పోల్చలేం. బండ బరువు వేరు, నేల వేరు, ముందురోజు నీళ్లు చల్లారా లేదా అన్నది వేరు. అన్ని ఊళ్లూ ఒకే బరువు, ఒకే సమయం పెట్టుకుని రాసి ఉంచితే మంచి రికార్డుల పుస్తకం తయారవుతుంది. ఎవరైనా పూనుకుంటే బాగుండు.

బద్దలు కొట్టకూడని రికార్డులు ఉంటాయా?

ఉంటాయి. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె రాళ్లెక్కడం నేర్చుకున్నది మన భువనగిరి కోట ఏకశిల మీదే. అది తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. నేపాల్ వైపు నుంచి 16 ఏళ్లు నిండాలి కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కారు. ఇంకా చిన్న పిల్లను అక్కడికి పంపి ఆ వయసు తగ్గించాలని ఏ తల్లిదండ్రులూ అనుకోకూడదు. ఎనిమిది వేల మీటర్ల పైన ప్రాణవాయువు తక్కువ, అక్కడ చిన్న వయసు లాభం కాదు.

ఫుట్‌బాల్, ఈతలో ఒక్కోటి చెప్పండి.

ఫ్రాన్స్‌కి చెందిన జుస్త్ ఫోంటేన్ 1958 ప్రపంచకప్‌లో 6 మ్యాచ్‌ల్లో 13 గోల్స్ కొట్టాడు. 2022లో 7 మ్యాచ్‌లు ఆడిన ఎంబాపె కొట్టినవి 8. ఈతలో మైకేల్ ఫెల్ప్స్ 23 ఒలింపిక్ బంగారాలు. 2009 రోమ్ ప్రపంచ పోటీల్లో, ఈదే వేగం పెంచే పాలీయురిథేన్ సూట్లు వేసుకుని పెట్టిన కొన్ని రికార్డులు ఇంకా ఉన్నాయి. ఆ సూట్లను 2010 నుంచి నిషేధించారు.

ఇప్పుడున్న పాత రికార్డుల్లో ముందు పోయేది ఏదని మీ అంచనా?

మరీటా కోఖ్ 47.60. దశాబ్దాల పాటు ఎవరూ 48 సెకన్ల లోపలికే రాలేదు. 2025 సెప్టెంబరులో టోక్యో ప్రపంచ పోటీల ఫైనల్లో, వాన పడి తడిసిన ట్రాక్ మీద, సిడ్నీ మెక్‌లాఫ్లిన్ లెవ్రోన్ 47.78 పరిగెత్తింది. రెండో స్థానంలో వచ్చిన డొమినికన్ అమ్మాయి పౌలీనో కూడా 47.98తో 48 లోపలే ఉంది. అసలు సిడ్నీ హర్డిల్స్ మనిషి, ఆ ఏడాది హర్డిల్స్ పక్కన పెట్టి ఉత్త 400 మీద పనిచేసింది. ఇక మిగిలిన తేడా 0.18 సెకను.